బుల్లి గదికి ఏ పెట్టె? చెక్క, అక్రిలిక్, లోతు ఫ్రేము, గోడ గూడు: మన సరిహద్దు ఊళ్ళ ఇళ్ళకు ఏది నప్పుతుంది

లక్కపిడతలు, ఇత్తడి బుల్లి బిందెలు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వేలెడేసి కుర్చీలు, బల్లలు, పుస్తకాలు ఇంట్లో పోగయ్యాక ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్న ఒకటే, వీటిని ఎందులో పెట్టాలి? హాల్లో షోకేసులో వరసగా నిలబెడితే దేని అందమూ కనబడదు, పైగా పెద్ద కప్పులు, సాసర్ల పక్కన అవి చిన్నబోతాయి. అదే ఒక పెట్టెలో నేల, మూడు గోడలు, ఓ కిటికీ పెట్టి గదిలా అమర్చి ముందు అద్దం బిగిస్తే, ఇంటికొచ్చినవాళ్ళు వంగి మరీ చూస్తారు, చూసి అక్కడే ఉండిపోతారు. దీన్నే రూమ్‌బాక్స్ అంటున్నారు. డాల్‌హౌస్ అంటే మెట్లు, మేడతో మొత్తం ఇల్లు, రూమ్‌బాక్స్ అంటే అందులో ఒక్క గది. చోటు తక్కువ పడుతుంది, ఒకటి పూర్తయ్యాక తీరిగ్గా ఇంకొకటి మొదలెట్టుకోవచ్చు.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల పొడి ఇళ్ళను చూసి రాసినవి. మనకేమో వానాకాలమంతా గోడలు చెమరుస్తాయి, చెదలు ఏ మూల నుంచి వస్తాయో తెలియదు, అక్టోబరు వచ్చిందంటే తుపాను టెన్షన్ ఒకటి. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను, పెట్టెను అందం చూసి ఎంచుకోకండి. ఏడాదిలో దాన్ని ఎన్నిసార్లు తెరుస్తారు, మీ ఇంట్లో చెమ్మ ఎంత ఉంటుంది, ఈ రెండూ చూసి ఎంచుకోండి. రంగు, పాలిష్, బీడింగు లాంటివన్నీ ఆ తర్వాతే.

ముందు బొమ్మల్ని కొలవండి

పెట్టె కొనేశాక బొమ్మలు వెతకడం కన్నా ఉన్న బొమ్మలకు పెట్టె కుదుర్చుకోవడం సులువు. ఎక్కువగా దొరికేది 1:12 సైజు, అంటే అసలు వస్తువు అడుగుంటే బొమ్మ అంగుళం. 1:24 అంటే అడుగుకు అర అంగుళం, 1:48 అంటే పావు అంగుళం. ఇంట్లో రెండున్నర అడుగుల ఎత్తుండే బల్ల 1:12లో రెండున్నర అంగుళాలు ఉండాలి, ఏడడుగుల తలుపు ఏడంగుళాలు. ఈ లెక్కన 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు ఉన్న గదికి లోపల 12 అంగుళాలు, 10 అంగుళాలు చోటు కావాలి, ఎత్తు 9 అంగుళాలుంటే బాగుంటుంది. అదే గది 1:24లో 6 అంగుళాలు, 5 అంగుళాల్లో సరిపోతుంది, 1:48లో అయితే అరచేతిలో పడుతుంది.

మన లక్కపిడతలతో ఒక చిక్కుంది. ఏటికొప్పాక పొయ్యి, తిరగలి, రోలు, బిందె పిల్లల చేతికి సరిపోయేలా చేసినవి, ఏ స్కేలుకూ కట్టుబడవు, ఒక్కోసారి బిందె పొయ్యి కంటే పెద్దగా ఉంటుంది. వాటిని తెప్పించిన 1:12 సోఫా పక్కన పెడితే రెండూ చెడతాయి. వాటికి విడిగా ఒక వంటిల్లు పెట్టె ఇచ్చేయండి. ఆ పెట్టెలో తలుపు పెట్టకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే మన కన్ను తలుపును చూసే మిగతా వాటి సైజు బేరీజు వేస్తుంది. తలుపు బదులు వెనక గోడకు ఒక అటక, దాని మీద పెద్దది మొదలు చిన్నది దాకా వరసగా గిన్నెలు, కింద నేల మీద పొయ్యి, పక్కన ఆనించిన చాట పెట్టండి. స్కేలు కలవలేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

అడుగుకు అంగుళం లెక్కలో ఏం చేయొచ్చో చూడాలంటే చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న థోర్న్ గదుల ఫొటోలు చూడండి. నార్సిస్సా థోర్న్ 1932 నుంచి 1940 వరకు పనివాళ్ళ చేత చేయించిన ఈ గదులు అక్కడ 68 ఉన్నాయి. వాటిలో నేను పదేపదే చూసేది సామాన్లను కాదు, కిటికీలను. కిటికీ అవతల తోటో, వసారానో కొంచెం కనిపిస్తుంది, వెలుగు అక్కడి నుంచే గదిలోకి వస్తుంది. అలా రావాలంటే పెట్టెకు పక్కన, వెనక రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. పెట్టె కొలతలు ఇచ్చేటప్పుడే ఆ ఖాళీ కలిపి చెప్పండి, తర్వాత చేర్చడం కుదరదు.

వడ్రంగి చేసే చెక్క పెట్టె

మన వైపు ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడుగు, పైకప్పు, పక్కలు, 6 మిల్లీమీటర్లది వెనక పలక, ముందు గాడిలో జారే అద్దం. కొలతలు మీవి, కిటికీ ఎక్కడ కావాలంటే అక్కడ, కరెంటు తీగకు వెనక రంధ్రం. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ అడగండి, ధర ఎక్కువైనా అదే. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును గమ్ముతో అదిమి చేసే పలక, చూడ్డానికి నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, ఆన్‌లైన్ కిట్లలో చాలావరకు అదో, పల్చటి ప్లైవుడ్డో వస్తుంది, కానీ మన చెమ్మకు దాని అంచులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, ఒకసారి ఉబ్బిందంటే మళ్ళీ మామూలు కాదు. ఎండీఎఫ్ కిట్టే కొన్నారనుకోండి, జోడించే ముందు ప్రతి ముక్కకూ రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, వార్నిషో ప్రైమరో పట్టించండి.

చెక్క పెట్టె ఏదైనా సరే కొత్తలో లోపల గమ్ము, రంగు, చెక్క వాసన ఉంటుంది. ఆ ఆవిరిలో ఆమ్లాలుంటాయి, సీసం కలిసిన పాత బొమ్మల్ని అవి బాగా దెబ్బతీస్తాయి, మిగతా లోహాల మెరుపూ తగ్గుతుంది. రంగు పూర్తయ్యాక రెండు మూడు వారాలు అద్దం తీసి నీడలో వదిలేసి, వాసన పోయాకే సామాన్లు పెట్టండి. తొందర పడేది అందరూ ఇక్కడే.

అద్దం ఎలా బిగించాలన్నది అన్నిటికంటే ముఖ్యం. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెట్టెలోంచి బొమ్మలు తీయడం, మళ్ళీ సర్దడం ఏటా ఉండేదే, అలాంటివాళ్ళకు పైకి జారే అద్దం గానీ బందులున్న తలుపు గానీ ఉండాలి. బందుల తలుపు తెరిచినప్పుడు ముందుకు చోటు కావాలి, పెట్టె గోడకు వేలాడుతుంటే అద్దం బరువుకు కొన్నాళ్ళకు వాలుతుంది. జారే అద్దానికి ఆ బాధ లేదు, అయితే పెట్టె పైన అద్దం ఎత్తంత ఖాళీ ఉండాలి, అల్మారా అరలో ఇరికిస్తే అద్దం బయటికి రాదు. ఇక ఒకసారి అమర్చి మళ్ళీ ముట్టుకోని వాళ్ళయితే నాలుగు మూలలా స్క్రూలు బిగించి, అద్దం అంచుకు సన్నటి ఫెల్టు పట్టీ వేయించండి, దుమ్ము చాలావరకు ఆగుతుంది.

అక్రిలిక్ పెట్టె

తేలిక, అన్ని వైపుల నుంచీ కనబడుతుంది, పడితే పగిలి చేతులు కోసుకునే భయం తక్కువ. 12 అంగుళాలు, 10 అంగుళాల ముందు పలక 3 మిల్లీమీటర్ల అద్దమైతే దాదాపు 580 గ్రాములు, అదే అక్రిలిక్ 280 గ్రాములే. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను అక్రిలిక్ వైపే ఉంటాను. చెదలు దాన్ని తినవు, చెమ్మకు ఉబ్బదు, లోహపు బొమ్మలకు హాని చేసే ఆవిరీ దాదాపు ఉండదు, అందుకని కొరాపుట్, జయపురం లాంటి చోట్ల, వానాకాలంలో బట్టలే ఆరని ఇళ్ళలో, చెక్క కన్నా ఇది మేలు.

దీని లోపాలూ చూడండి. గీతలు ఇట్టే పడతాయి. పొడిగుడ్డతో తుడిస్తే విద్యుత్తు పుట్టి ఉన్న దుమ్మునే మళ్ళీ లాక్కుంటుంది, తడిపి పిండిన మెత్తటి బట్టతోనే తుడవాలి. అద్దాలు తుడిచే స్ప్రేలలో అమ్మోనియా గానీ స్పిరిట్ గానీ ఉంటే అక్రిలిక్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి, వాటిని దగ్గరికి రానీయకండి. రెండు మిల్లీమీటర్ల పలకలు కొన్నాళ్ళకు వంగుతాయి, కనీసం మూడు తీసుకోండి. ఇంకో సంగతి, సూపర్ గ్లూ. దాని ఆవిరికి అక్రిలిక్ తెల్లటి పొగ పట్టినట్టు అయిపోతుంది. బొమ్మను బయటే అతికించి, పూర్తిగా ఆరాక లోపల పెట్టండి.

అన్నిటికన్నా పెద్ద తేడా ఏంటంటే, అక్రిలిక్ డబ్బా గది కాదు. గోడలు లేవు కాబట్టి చూసేవాళ్ళకు వెనక మీ టీవీ వైర్లు కూడా కనిపిస్తాయి. సంత, టీ కొట్టు, ఎడ్లబండి, మండువా లాంటి నాలుగు వైపులా చూడదగ్గ సీనుకు అక్రిలిక్ బ్రహ్మాండంగా ఉంటుంది. పూజగది, వంటిల్లు, చదువుకునే గది లాంటి మూసిన చోట్లకు వెనక, పక్కల పలకలు కట్ చేసి లోపల నిలబెట్టాలి, అప్పుడు సగం పని చెక్క పెట్టె పనే అవుతుంది.

పటాలు కట్టే షాపులో లోతు ఫ్రేము

దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే షాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. వాళ్ళకు లోపల రెండు, మూడు అంగుళాల లోతు వచ్చేలా పక్క పట్టీలు వేసి కట్టమని చెప్తే కట్టిపెడతారు. అద్దె ఇల్లు, ఇరుకు హాలు ఉన్నవాళ్ళకు దీన్ని మించింది లేదు, గోడకు ఒక్క మేకు చాలు. అయితే 1:12 మంచం ఇందులో పట్టదు, ఆరంగుళాల పైన ఉంటుంది అది. 1:24, 1:48 సైజు సామాన్లకు, లేదా లోతు అక్కర్లేని దృశ్యాలకు మాత్రమే దీన్ని ఎంచుకోండి: కొట్టు ముందు భాగం, గిన్నెల అటక, పుస్తకాల బీరువా, తులసికోట వెనక అరుగు. వెనక పలకగా చిన్న అద్దం పెడితే లోతు రెట్టింపు కనబడుతుంది, కాకపోతే చూసేవాళ్ళ ముఖం కూడా కనబడుతుంది కాబట్టి అద్దాన్ని తలుపు సందులోనో కిటికీలోనో కొంచెమే పెట్టాలి. ఫ్రేము చిన్నదని, ఉన్న మంచి బల్లను సగానికి కోసి గోడకు అతికించే పని మాత్రం చేయకండి. ఫ్రేము రేపు ఇంకొకటి కట్టించుకోవచ్చు.

గోడ గూడు

పాత పెంకుటిళ్ళలో, మందం గోడల ఇళ్ళలో దీపానికో, పుస్తకాలకో వదిలిన గూళ్ళుంటాయి. అడుగు దాకా లోతుండే గూటికి చెక్క చట్రం, అద్దం తలుపు బిగిస్తే చేత్తో చేసిన ఏ పెట్టెకూ రాని నిండుదనం వస్తుంది. అది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి, అయినా అందరికీ చెప్పను. గూడు బయటి గోడలో ఉంటే వానకు చెమ్మ నేరుగా లోపలికి వస్తుంది, చెదలూ గోడ లోంచే వస్తాయి. రెండు గదుల మధ్య గోడలో ఉన్న గూడైతే ధైర్యంగా చేయించండి. అప్పుడు కూడా సున్నం గోడను ఉన్నదున్నట్టు వదలకుండా, ఫ్లెక్సీ బ్యానర్లు వేసే షాపుల్లో దొరికే సన్‌బోర్డు ముక్కలతో లోపల ఇంకో గది నిలబెట్టి, గోడకూ దానికీ మధ్య అర అంగుళం గాలి వదలండి. ఆ బోర్డు ప్లాస్టిక్ కాబట్టి చెమ్మ పీల్చదు, చెదలు తినవు, మామూలు కత్తితో తెగుతుంది. తెల్ల ఫెవికాల్ దానికి సరిగ్గా పట్టదు, ప్లాస్టిక్‌కు పనికొచ్చే గమ్ము అడిగి తీసుకోండి. వెండి, సీసం బొమ్మలను మాత్రం దాని మధ్య ఏళ్ళ తరబడి మూసిపెట్టవద్దు.

గూటికి ఉన్న ఇంకో ఇబ్బంది తుపాను. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర, రెండూ అక్టోబరులోనే. కబురు వచ్చాక చెక్క పెట్టెనో అక్రిలిక్ డబ్బానో రెండు చేతులతో ఎత్తి లోపలి గదిలో మంచం మీద పెట్టి ప్లాస్టిక్ కప్పేయొచ్చు, గూటిని ఎత్తలేం. తీరానికి దగ్గరున్న ఇళ్ళవాళ్ళు పెద్ద పెట్టె ఒకటి కాకుండా ఒక్కరే మోయగలిగిన చిన్నవి రెండు మూడు చేయించుకోవడం మంచిదని నేననేది అందుకే.

పాత గోడగడియారం పెట్టె, పాత రేడియో క్యాబినెట్ లాంటివి ఇంట్లో ఉంటే వాడుకోండి, గడియారం పెట్టె నిలువుగా, సన్నగా ఉంటుంది కాబట్టి మెట్లకు, గుడి గోపురానికి కుదురుతుంది. వాటి కోసం వెతికి కొననక్కర్లేదు.

లోపల ఏముందో దాన్ని బట్టి

పర్లాకిమిడి కొమ్ము పని మన సరిహద్దుకే పేరు తెచ్చింది. కాగితమంత పల్చగా రెక్కలు తీసిన కొంగను కిటికీ వెలుగులో పట్టుకుంటే నలుపు లోంచి తేనె రంగు కనిపిస్తుంది. కొమ్ము మన గోరు లాంటి పదార్థమే, ఉన్ని బట్టలు తినే పురుగులు దాన్నీ తింటాయి, ఎండకూ చెమ్మకూ మారుతుంటే పల్చటి చోట వంగుతుంది. కాబట్టి కొమ్ము బొమ్మలకు బిగువుగా మూసే పెట్టే కావాలి, తరచూ తెరిచేది వద్దు. కలరా ఉండలు వేసేస్తే సరిపోతుంది కదా అంటారు, వేయొద్దు, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, అదే పెట్టెలో ప్లాస్టిక్ కుర్చీలుంటే కరిగి అతుక్కుంటాయి. నెలకోసారి టార్చి వేసి మూలల్లో పొడి రాలిందేమో చూసుకోవడమే మందు.

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేసి లక్క పట్టించినవి. లక్క వేడికి మెత్తబడుతుంది, సహజ రంగులు ఎండకు వెలుస్తాయి. కొండపల్లి బొమ్మలు పొణికి కర్రవి, ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, దానికి చెమ్మ పడదు. ఈ రెంటికీ చెక్క పెట్టె, ఎండ పడని గోడ, లోపల కనబడకుండా ఒక సిలికా జెల్ పొట్లం. రంగు మారే జెల్ తీసుకుంటే ఎప్పుడు తేమ పీల్చుకుందో తెలుస్తుంది, వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. జెల్ పెట్టిన పెట్టెకు సందులుంటే మాత్రం దండగే, ఊళ్ళో చెమ్మనంతా అది పీల్చలేదు కదా.

గంజాం జిల్లా బెలగుంఠ ఇత్తడి చేపలున్నవాళ్ళకు అక్రిలిక్ చెప్తాను. వెనక నల్ల కాగితం ఒక్కటి పెడితే చాలు, మెలికలు తిరిగే ఆ పొలుసులు ప్రతి ఒక్కటీ కనబడుతుంది. ఇత్తడిని తేనెమైనంతో నిలబెట్టే అలవాటుంది కొందరికి, మైనంలో ఉండే ఆమ్లాల వల్ల కొన్నాళ్ళకు అడుగున ఆకుపచ్చ చిలుము పడుతుంది. మ్యూజియం వాక్స్ పేరుతో దొరికే మైక్రోక్రిస్టలైన్ మైనం చిటికెడు చాలు, తీసేస్తే ఊడి వస్తుంది.

లైటు, ఎత్తు

పాత పద్ధతి చిన్న బల్బులు మూసిన పెట్టెను వేడెక్కిస్తాయి, ఎల్‌ఈడీనే వాడండి. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య పసుపు వెలుగు తీసుకుంటే ఇల్లులా ఉంటుంది, తెల్లటి వెలుగు వేస్తే మందుల షాపు గుర్తొస్తుంది. 5 వోల్టుల యూఎస్‌బీ పట్టీ అయితే కరెంటు పోయినా పవర్ బ్యాంకుతో వెలుగుతుంది. పట్టీని అద్దం లోపలి పక్క పైఅంచున, ఒక అంగుళం చెక్క పట్టీ వెనక దాచండి, దీపం కనబడకూడదు, వెలుగే కనబడాలి. లైటు పాడైతే మార్చుకోవడానికి చేతికి అందేలా ఉందా అని వడ్రంగి దగ్గరే సరిచూసుకోండి, రెడీమేడ్ పెట్టెలు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒక్క పాయింటు దగ్గరే.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే పెట్టె రకం కన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది. గదిలో నిలబడ్డ మనిషి కళ్ళు నేల నుంచి దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉంటాయి. 1:12లో అది అయిదంగుళాలు. పెట్టె నేల మీ కంటికి అయిదంగుళాలు కింద ఉంటే మీరు ఆ గదిలో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది, టీపాయి మీద పెడితే పైకప్పు తీసేసిన ఇంటిని చూసినట్టు ఉంటుంది. హాల్లో ఎక్కువగా కూర్చునే చూస్తారంటే కూర్చున్న కంటికి కొలవండి.

ఇవన్నీ చూశాక కూడా ఎటూ తేల్చుకోలేకపోతుంటే ఇలా చేయండి. సొంతిల్లు, బరంపురం లాంటి తీరం వైపు, ఏటా కొలువు పెట్టే అలవాటు: జారే అద్దంతో ప్లైవుడ్ పెట్టె, 14 అంగుళాల వెడల్పు దాటకుండా. కొండల వైపు, ఇత్తడి, వెండి ఎక్కువ: మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్. అద్దె ఇల్లు, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ అవుతుందో తెలియని ఉద్యోగం: 1:24 సామాన్లు, లోతు ఫ్రేము. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫ్రేములోని బొమ్మల్ని తీయకుండా ముందు అద్దానికీ బొమ్మలకూ మధ్య మెత్తటి టిష్యూ కాగితం కూరి, ఫ్రేమును వెల్లకిలా పడుకోబెట్టి, లారీలో కాకుండా మీతో పాటు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళండి.